రాజ్యం అత్త మడుగు

పోయిన నెలలో మా తమ్ముడు చంటి ఫోన్ చేసి, "అక్కా, నువ్వొకసారి ఊరు రావాలి, నీతో పనుంది" అన్నాడు. వాడికి నాతో పని పడటం అరుదు. నేను రాజమండ్రిలో ఉంటాను, వాడు ఊళ్లో చెరువులు చూసుకుంటాడు. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప మేం కలుసుకునేది తక్కువ. సరే, వెళ్లాను. మరదలు కడుపునిండా అన్నం పెట్టింది. కాసేపు నడుం వాల్చాక, ఎండ చల్లబడ్డాక, వాడు నన్ను కారెక్కించి పొలానికి తీసుకెళ్లాడు. మా పొలం చివర చెరువు దగ్గర దిగి చూద్దును కదా, చుట్టూ సిమెంటు బెంచీలు, రంగురంగుల గొడుగులు, తాటాకు పందిళ్లు, ఒక మూల వంటశాల, పిల్లలకి ఉయ్యాల. అద్దెకిచ్చే గాలాలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి, ప్లాస్టిక్ చక్రాలతో, నైలాన్ దారంతో. ఆదివారాలు భీమవరం నుంచీ తణుకు నుంచీ కుటుంబాలకు కుటుంబాలు వస్తాయట. టికెట్టు కొనుక్కుని గాలం వేస్తారట. పట్టిన చేపని అక్కడే కోసి, వేయించి, పళ్లెంలో పెట్టి ఇస్తారట.

"ఫ్యామిలీ ఫిషింగ్ అక్కా. ఇప్పుడందరికీ ఇదే సరదా. రొయ్యల్లో ఏం మిగలట్లేదు, ఏడాదికో రోగం. ఇదైతే కాస్త నిలకడగా ఉంటదని మొదలెట్టాను" అన్నాడు. ఇంకాసేపు అదీ ఇదీ చూపించి, అసలు విషయానికొచ్చాడు. ముఖద్వారం దగ్గర పెద్ద బోర్డు పెట్టిస్తున్నాడట. పేరు 'రాజ్యమ్మ గారి మడుగు'. మా మేనత్త ఫొటో ఒకటి పెద్దది చేయించాడట కూడా. "దాని కింద నువ్వు నాలుగు ముక్కలు రాసియ్యక్కా. మనింట్లో అందరూ సరదాగా చేపలెలా పట్టేవారో, అత్త నీకెలా నేర్పిందో. కింద నీ పేరు కూడా వేస్తాను. చదివినోళ్లకి మనసుకి హత్తుకోవాలి."

నేను బెంచీ మీద కూర్చున్నాను. వాడు నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను నీళ్ల వైపు చూస్తున్నాను.

మా ఇంట్లో చేపలు పట్టడం బతుకుతెరువు కాదు. మాది వ్యవసాయం. తినడానికి కావాలంటే చేపల గంపలు గుమ్మం ముందుకే వచ్చేవి. అయినా వేసవిలో పంట కాలువలు కట్టేసి, కోతలూ నూర్పిళ్లూ అయిపోయి, మగవాళ్లు అరుగుల మీద చేతులు ముడుచుకుని కూర్చునే రోజులొస్తే, మా ఇల్లంతా చేపల వెంట పడేది. చలికాలం నాన్న స్నేహితులతో కలిసి తుపాకీ పట్టుకుని పరజ పిట్టల వేటకి వెళ్లేవాడు. అది మగవాళ్ల వ్యవహారం, మాకు ఇంటికొచ్చిన ఈకలే తెలుసు. చేపల విషయంలో మాత్రం మగా ఆడా తేడా లేదు. ఎందుకంటే ఆ విద్యకి మా ఇంట్లో గురువు ఆడమనిషి. నాన్నకి అక్క, నాకు మేనత్త, రాజ్యలక్ష్మి. అందరికీ రాజ్యం.

రాజ్యం అత్త పెళ్లయిన కొన్నాళ్లకే అత్తవారింటి నుంచి తన పెట్టె తనే పట్టుకుని వచ్చేసిందట. ఎందుకొచ్చావని తాతయ్య అడగలేదట. ఆమె చెప్పలేదు. మా అమ్మ కాపురానికొచ్చేసరికే వంటింట్లో ఓ పక్క అత్త రాజ్యం స్థిరపడిపోయింది. ఎత్తుగా, గట్టిగా ఉండేది. చెప్పులు వేసుకోవడం ఎప్పుడూ చూడలేదు. మాట కరుకు, చెయ్యి మెత్తన. నాన్నని 'ఒరే సూరీ' అని పిలిచేది, నలుగురు పెద్దమనుషులు కూర్చున్నా సరే. ఊళ్లో అందరికీ 'రైతుగారు' అయిన మనిషి, ఆ పిలుపు వినగానే అరుగు మీంచి లేచి, 'వస్తన్నానక్కా' అంటూ లోపలికి పరిగెత్తేవాడు.

మా పొలం చివర, మురుగు కాలువ వంపు తిరిగే చోట పల్లపు నేల ఒకటి ఉండేది. ఎప్పుడూ నీళ్లే, వరి పండదు. ఓ పక్క తుంగ, ఓ పక్క కలువలు, మధ్యలో లోతు. ఎండాకాలం చుట్టుపక్కల నీరు ఆరిపోతే చేపలన్నీ అక్కడికే చేరేవి. తాతయ్య ఒకరోజు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, "ఆ మడుగు రాజ్యానిది. నా తరవాత కూడా దాని జోలికెవరూ వెళ్లకూడదు" అన్నాడట. కాగితం ఏమీ లేదు. మా ఇంట్లో తాతయ్య మాటకి కాగితం అవసరం ఉంటుందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నాన్న ఆ రోజు అక్కకి కుడిపక్కన కూర్చుని అన్నం తింటున్నాడట. "అలాగే నాన్నా" అన్నది కూడా ఆయనేనట. ఇది నాకు అమ్మ చెప్పింది.

పొద్దున్నే చద్దన్నంలో పెరుగూ ఆవకాయా కలిపి పెట్టేది అత్త. తిన్నాక ఎర్రలు తవ్వడం నా పని. నూతి దగ్గర గాబు కింద, అంట్లు తోమిన నీళ్లు ఇంకే చోట, గునపంతో రెండు పెళ్లలు తిరగేస్తే వానపాములు బోలెడు. వాటిని తడిమట్టితో సహా కొబ్బరి చిప్పలో వేసుకునేదాన్ని. ఇప్పటికీ తడిసిన మట్టి వాసన వస్తే నాకు వాన గుర్తుకు రాదు, ఆ గాబు గుర్తొస్తుంది. అత్త పాత చీర కచ్చ పోసుకుని, వెదురు గాలాలు భుజాన వేసుకుని ముందు నడిచేది. వెనక నేను. సెలవులకి వచ్చిన చుట్టాల పిల్లలెవరైనా ఉంటే వాళ్లూ. గట్ల మీద పొన్నగంటి కూర కనిపిస్తే వంగి గిల్లుకుని కొంగున వేసుకునేది. తిరిగొచ్చేటప్పుడు కలువకాయలు కోసిచ్చేది. వాటిని చీల్చి, లోపలి గింజలు నములుకుంటూ వచ్చేవాళ్లం.

మడుగు దగ్గర మాట్లాడకూడదు. దగ్గొచ్చినా పమిట నోట్లో కుక్కుకోవాలి. దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు వైపే చూడాలి. బెండు చిన్నగా వణికితే గొరక కొరుకుతోంది, తొందరపడొద్దు. పక్కకి నడిస్తే మట్టగిడస. ఒక్కసారిగా గుటుక్కున మునిగితే కొరమీను, అప్పుడు మాత్రం లాగాలి. చిన్న పరిగెలు పడితే అత్త ముల్లు తీసి మళ్లీ నీళ్లలోనే వదిలేది. వేసవి చివర్లో ఒక్కోసారి నీటి మీద ఎర్రగా పిల్లలు గుంపుగా తేలేవి, చారెడు కుంకుమ చల్లినట్టు. వాటి కిందే తల్లి కొరమీను కాపలా తిరుగుతూ ఉంటుంది. ఆ పిల్లల గుంపు కనిపించిందంటే ఆ వైపు ఎవరూ గాలం వేయకూడదు. ఒకసారి చుట్టాలబ్బాయి ఒకడు వినకుండా వేస్తే, అత్త వాడి గాలం మోకాలి మీద పెట్టి విరిచేసింది. "తల్లిని లాగేస్తే గంటలో ఆ పిల్లలన్నిటినీ మిగతా చేపలు మింగేస్తాయిరా. నీకో పులుసు ముక్క, దానికో వంశం" అంది. వాడు ఏడుస్తూ ఇంటికెళ్లిపోయాడు. సాయంత్రం వాడికో కొత్త గాలం చేసిచ్చింది.

నాన్న ఆదివారాలు విసురు వల తెచ్చుకునేవాడు. వల విసరడం ఆయనకి నేర్పింది కూడా అత్తే. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడితే, ఆయన మొదట చూసేది వల వైపు కాదు, అక్క వైపు. ఆమె తలూపితే పిల్లాడిలా నవ్వేవాడు. ఎన్ని చేపలు తియ్యాలో, ఎప్పుడు వల చాలించాలో అత్తే చెప్పేది. "చాల్లేరా సూరీ, రేపటికి ఉండనియ్యి" అంటే ఇంక వల మడవాల్సిందే. అప్పుడాయన మొహం కాస్త ముడుచుకునేది, కాని మడిచేసేవాడు. నాకు ఆ ఇద్దరూ అలా గట్టు మీద పక్కపక్కన నిలబడి ఉండటం లోకంలో అన్నిటికంటే భద్రమైన దృశ్యం.

పట్టినవి పెరట్లో బండ మీద పోసి, బూడిద చల్లి రుద్దేవారు. అమ్మా అత్తా ఎదురుబొదురు కూర్చుని తోముతుంటే పిల్లులు గోడ దిగేవి. మట్టి దాకలో చింతపండు పులుసు, పచ్చి మామిడికాయ ముక్కలు, పైన కాసిని మెంతులు. బొమ్మిడాయిలైతే గరిట పెట్టకూడదు, దాకనే రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ఆ పూట తినేది కొంచెమే, మిగతాది ఉట్టి మీద పెట్టి మర్నాడు తినాలి. అప్పటికి ముక్క పులుసంతా పీల్చుకుని ఉంటుంది. నాన్న మర్నాడు పొద్దున్నే ఉట్టి దగ్గర తచ్చాడేవాడు.

తాతయ్య పోయాక, నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లోనే మా వైపు చేపల చెరువులు మొదలయ్యాయి. వరి పొలాల మధ్య ఎక్కడ చూసినా కొత్త గట్లు లేచాయి. కొల్లేటి వైపు నుంచీ భీమవరం వైపు నుంచీ మనుషులు వచ్చి, పొలాలు లీజుకి అడిగేవారు. అరుగుల మీద మాటలన్నీ మారిపోయాయి. మా అరుగు మీదికీ తెల్లచొక్కా ఆయనొకడు తరచూ రావడం మొదలుపెట్టాడు. అత్త మజ్జిగ ఇచ్చి వచ్చేది. ఆయన ఎందుకొస్తున్నాడో ఆమె అడగలేదు, పొలం సంగతులు నాన్నవి అనుకుంది కాబోలు.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న ఉన్నట్టుండి, "అక్కా, పట్టిసం చూడాలని ఎప్పట్నుంచో అంటున్నావు కదా. అమ్మాయికి సెలవులే. దాన్ని తీసుకుని వెళ్లిరా. తాళ్లపూడిలో మనోళ్లింట్లో రాత్రికుండి మర్నాడు నిదానంగా రండి" అన్నాడు. అత్త ముద్ద చేతిలో పట్టుకుని ఆయన వైపు చూసింది. మా ఇంట్లో ఆమెని ఎక్కడికైనా పంపాలని ఎవరికీ తోచిన పాపాన పోలేదు అంతకు ముందు. "నీకీ బుద్ధి ఎప్పుడు పుట్టిందిరా?" అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఎంత సంతోషం ఉందో నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం తన పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి మంచం మీద పరిచి, మడతలు సరిచేసింది.

మర్నాడు బస్సెక్కేదాకా నాన్న మాతో వచ్చాడు. కిటికీ లోంచి సోడా అందించాడు. పట్టిసంలో గోదారి వేసవి కనక సన్నగా పారుతోంది. కాళ్లు కాలే ఇసకలో చాలాదూరం నడిచి, పడవెక్కి, కొండ మీద వీరభద్రుణ్ణి చూసి వచ్చాం. అత్త దణ్ణం త్వరగా పెట్టుకుంది. ఆమె ధ్యాసంతా నీళ్ల మీదే. పడవ మీద చెయ్యి కిందికి వేలాడేసి గోదారిని వేళ్లతో తడుముతూ కూర్చుంది. పడవ నడిపే ముసలాయన్ని 'ఇక్కడ ఏ చేప పడుతుందండి, ఏ గాలికి పడుతుంది, దేనితో ఎర వేస్తారు' అని అడిగిందే అడిగింది. "ఏమ్మా, మీరూ చేపలోళ్లేనా?" అని ఆయన అడిగితే, "నాకూ ఓ మడుగుందండి" అంది, తలెత్తి. నాకప్పుడు నవ్వొచ్చింది. ఇంత గోదారి మధ్యలో కూర్చుని ఆమె ఆ గుంట సంగతి చెప్పడం చూసి. ఇసక తిన్నె మీద పుచ్చకాయ కొని, కత్తి లేక చేత్తో పగలగొట్టుకుని తిన్నాం. ఆ రోజు అత్త తన పెళ్లి నాటి కబుర్లు కూడా చెప్పింది, ఎన్నడూ ఎవరితోనూ అననివి. నా చిన్నతనంలో అంత మంచి రోజు ఇంకొకటి లేదు. దాన్ని ఎవరు ఎందుకు ఇచ్చారో తెలిశాక కూడా, అది మంచి రోజు కాకుండా పోలేదు. నాకు దానితోనే చిక్కు.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి ఊళ్లోకి నడిచొస్తుంటే ఎదురుగా జనం. గోనెసంచులు, తట్టలు, బిందెలు. ఒకడు సైకిల్ వెనక కట్టుకున్న సంచిలోంచి చేపల తోకలు బయటికి వేలాడుతున్నాయి. అందరూ పండగ నాడు ఉన్నట్టున్నారు. మా పాలేరు మమ్మల్ని చూసి ఆగి, "వచ్చేశారేంటండి అమ్మాయిగారూ, కాస్త ముందొస్తే బాగుండేది. అన్నీ అయిపోయాయండి" అన్నాడు.

"ఎక్కడివిరా ఇన్ని?" అంది అత్త.

"మన మడుగులోవేనండి. రైతుగారు నిన్న ఇప్పపిండి చల్లించారు కదండీ. రేపట్నుంచి గట్టు పోసి చెరువు చేస్తారంట. ఊరందర్నీ ఏరుకోమన్నారండి" అన్నాడు. వాడి మొహంలో ఎక్కడా కల్మషం లేదు. అత్తకి తెలుసుననే అనుకుంటున్నాడు.

ఇప్పపిండి చేపలకి విషం. పెంపకం పిల్లల్ని వదిలే ముందు, నీళ్లలో సహజంగా ఉన్న చేపల్ని ఒక్కటి లేకుండా చంపడానికి చల్లుతారు. మనుషులు ఆ చేపల్ని తిన్నా ఏం కాదు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అత్తకి ఆ మాట వినగానే తెలుసు. చేతిసంచీ నాకిచ్చి, ఇంటివైపు తిరగకుండా నేరుగా పొలం దారి పట్టింది. ఆమె వెనక పరిగెత్తలేక నేను ఏడుపు మొహంతో పడుతూ లేస్తూ వెళ్లాను.

నీటి మీద తెల్లటి నురగ. పెద్దవి ఎవరెవరో తీసుకుపోయారు. ఎవరికీ అక్కర్లేనివి మిగిలాయి. వేలెడంత పరిగెలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తుంగ మొదళ్లలో ఇరుక్కుని ఉన్నాయి. ఒడ్డు వెంబడి బురదలో ఎర్రటి చార. కొరమీను పిల్లలు. అలకి కొట్టుకొచ్చి, అలాగే ఎండుతున్నాయి. నాన్న గట్టు మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

"తప్పలేదక్కా" అన్నాడు. "చుట్టూ అందరూ చెరువులు తవ్వేశారు. మనదొక్కటే వదిలేస్తే ఎందుకూ పనికిరాకుండా పోద్ది. అమ్మాయి చదువుంది, చంటిగాడున్నాడు..."

"అది నేనడగలేదు. పట్టిసం ఎందుకు పంపావు?"

 "నువ్వుంటే చూడలేవని" అన్నాడు నాన్న.

"కాదు. నేనుంటే నువ్వు చెయ్యలేవని" అంది అత్త.

అంతే. అరవలేదు, ఏడవలేదు, శాపం పెట్టలేదు. ఇంటికొచ్చి, జరీ చీర విప్పి మడతపెట్టి, పాత చీర కట్టుకుంది. పెరట్లో తట్టల నిండా పోసి ఉన్న చేపల్ని చూసి, "కుళ్లిపోతాయి" అంటూ అమ్మ పక్కన కూర్చుని, చీకటి పడేలోగా తోమడం పూర్తి చేసింది. ఇంటిల్లిపాదికీ వడ్డించింది. తనూ తింది. నేను ఒక్కదాన్నే తినలేకపోయాను.

మర్నాడు పొద్దున్న నాన్న కాఫీ కోసం వంటింటి గుమ్మం దగ్గరకొచ్చాడు. అత్త గ్లాసు అందిస్తూ, "తీసుకోండి" అంది. నాన్నకి మొదట అర్థం కాలేదు. "పంచదార సరిపోయిందాండి?" అంది. అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. "అక్కా, ఏంటిది?" అన్నాడు నాన్న. "ఏముందండి" అని అత్త పొయ్యి వైపు తిరిగింది. ఆ రోజు మొదలు, నాన్న ఆమెకి 'మీరు'. 'రైతుగారు భోంచేశారా', 'రైతుగారికి దగ్గెక్కువైంది, మిరియాల పాలు పెట్టాలి'. చాకిరీలో లోటు లేదు, గౌరవంలో లోటు లేదు. మా వైపు అండీ, గారూ లేకుండా మాటే ఉండదు, కన్నపిల్లల్ని కూడా అండీ అనే ఇళ్లున్నాయి. బయటివాళ్లకి అందులో వింత కనిపించలేదు. మా ఇంట్లో మాత్రం ఆ మాట పడ్డప్పుడల్లా నాన్న మొహం పాలిపోయేది. ఎన్నోసార్లు బతిమాలాడు. ఒకసారి పిల్లలమని కూడా చూడకుండా మా ముందే చేతులు పట్టుకున్నాడు. "వదలండి, ఎవరైనా చూస్తే బావుండదు" అంది. చెరువులో పెంచిన చేపల్ని అమ్మకానికి పట్టినప్పుడల్లా అన్నిట్లోకీ పెద్ద చేప ఏరి ఆమెకి పంపేవాడు. ఆమె చక్కగా వండేది. ఆ గట్టు మీదికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. గాలాలు వంటచెరకులో కలిసిపోయాయి. నేను కాలేజీకొచ్చాక ఒక సెలవుల్లో మురుగు కాలువ దగ్గరకైనా వెళ్దామని లాక్కెళ్లాను. చెరువుల నీళ్లన్నీ అందులోకే వదులుతున్నారు అప్పటికే. ఒడ్డున నిలబడి వాసన చూసి, "పదమ్మా" అంది.

నేను నాన్నతో ఏళ్ల తరబడి ముభావంగా ఉన్నాను. నా పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒకసారి ఆయన మా ఇంటికొచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ఆ రోజంతా నా ప్రాణం నాలో లేదమ్మా. గట్టు మీద తలొంచుకు కూర్చున్నాను. నీళ్ల వైపు చూడ్డానికి కూడా మనసొప్పలేదు. తప్పక చేశాను" అన్నాడు. నేను నమ్మాను. నమ్మితే బతకడం తేలికైంది. అమాయకుడు, కాలానికి తలొగ్గాడు, లోపల కుమిలిపోయాడు. అలా అనుకుని ఆయనకి మళ్లీ కూతుర్నయ్యాను. ఆయన పోయినప్పుడు మనసారా ఏడ్చాను.

ఇవన్నీ తలపోసుకుంటూ ఆ సిమెంటు బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి, చంటి, "ఏంటక్కా, ఏమీ అనవు?" అన్నాడు.

"ఈ మడుగుకి మందు కొట్టిన రోజు నీకేమైనా గుర్తుందిరా?" అని అడిగాను. అప్పటికి వాడికి అయిదారేళ్లుంటాయి. గుర్తుండదనే అనుకున్నాను.

వాడి మొహం విప్పారింది. "గుర్తులేకపోవడమేంటి! చిన్నతనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రోజే. అసలు ఈ పార్కు ఆలోచన కూడా అందులోంచే పుట్టింది. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని నడుంలోతు నీళ్లలో దిగాడక్కా. ఎక్కడ చూస్తే అక్కడ చేపలే. చేత్తో తీసుకోవడమే. ఓ కొరమీను నాయంత ఉంది. దాన్ని నా చేతుల్లో పెట్టి, 'పట్టుకోరా, జారిపోద్ది' అని ఒకటే నవ్వు. ఆ లీజాయన గట్టు మీంచి, 'పైకి రండి రైతుగారూ, పనోళ్లున్నారు కదండీ' అంటే నాన్న ఏమన్నాడో తెలుసా? 'ఉండవయ్యా, ఇన్నాళ్లకి ఇవాళ నా మడుగు' అన్నాడు. పొద్దుగూకే దాకా పైకి రాలేదు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూళ్లేదు." వాడు ఆగి, "నువ్వు లేవు కదూ అప్పుడు?" అన్నాడు.

"పట్టిసంలో ఉన్నాను."

"అయ్యో, మిస్సయ్యావక్కా" అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

 వాడికి మొత్తం చెప్పాను. తాతయ్య మాట, పట్టిసం, అత్త 'అండీ'. అత్త నాన్నని ఎందుకలా పిలిచేదో వాడికి ఎన్నడూ తెలియదు. పెద్దవాళ్ల పద్ధతి అనుకున్నాడట. వింటున్నంతసేపూ బెంచీ అంచుని గోరుతో గీకుతూ ఉన్నాడు. చివరికి, "నాకు అప్పుడు అయిదేళ్లక్కా" అన్నాడు చిన్న గొంతుతో.

"నిన్నేమన్నానురా? నీ తప్పేముంది అందులో."

"మరి బోర్డు?"

"అత్త ఫొటో వద్దు. పేరు వద్దు. నా పేరు అసలే వద్దు. వేరే ఏదైనా పెట్టుకో."

"ఫొటో అప్పుడే ఫ్రేము కట్టించేశాను" అన్నాడు. మళ్లీ తనే, "సరేలే, ఇంట్లో పెట్టుకుంటాం" అన్నాడు. పెట్టుకున్నాడో లేదో నేను అడగలేదు. తణుకు బస్టాండు దాకా కారులో దింపాడు.  వాడికి తన చిన్నతనంలోని ఒకే ఒక్క మంచి రోజు నేను తీసేసుకున్నానేమోనని బాధగానే ఉంది. కాని నా దగ్గర్నుంచి వాడు తీసుకుపోయినది ఏమిటో వాడికి తెలియదు. ఇన్నేళ్లుగా నేను దాచుకున్న నాన్న వేరు. గట్టు మీద తలొంచుకుని కూర్చున్నాయన. ఆయన ఎప్పుడూ లేడు. వల చాలించమన్న ప్రతి ఆదివారం మొహం ముడుచుకున్న మనిషే నిజం. అక్క తలూపితే నవ్విన మనిషి కూడా నిజమేనేమో, నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి నాన్నా లేడు, అత్తా లేదు.

బస్సులో కూర్చున్నాక ఆసుపత్రి గది ఒకటి గుర్తొచ్చింది. అత్త చివరి రోజులు. నాన్న రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు, ఆమె 'ఇంటికెళ్లండి, అలసిపోతారు' అనేది. ఆయన బయటికెళ్లిన ఒక మధ్యాహ్నం నేను ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను. "అత్తా, నాన్న ఆ రోజు నీళ్ల వైపు కూడా చూడలేదట. గట్టు మీద తలొంచుకు కూర్చున్నాడట. ఇన్నాళ్లూ కుమిలిపోతూనే ఉన్నాడు. ఒక్కసారి సూరీ అని పిలువత్తా."

ఊరంతా ఆ రోజు ఆ గట్టు మీదే ఉంది. చూసినవాళ్లలో ఎవరో ఒకరు ఆమెకి చెప్పకుండా ఉంటారా? నాకు అప్పుడా ఆలోచనే రాలేదు.

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. "మీ నాన్న నీకలా చెప్పాడా అమ్మా?" అంది.

"అవునత్తా."

"అయితే అలాగే ఉంచుకో" అని, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలి, గోడ వైపు తిరిగి పడుకుంది.